కుంకుడు రసం పాడవకుండా ఎలా ఉంచాలి?

గిన్నెలు తోమే లిక్విడ్ మా అమ్మకి అస్సలు పడటం లేదండి, వేళ్ల సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచిపోతోంది. అందుకే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసేసి, రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున పిసికి వడకట్టి ఆ రసంతోనే తోముతున్నాం. నురుగు తక్కువే గానీ జిడ్డు బాగానే పోతోంది, కాస్త కట్టెల బూడిద కలిపితే మూకుడు అడుగున మసి కూడా వదులుతోంది. కానీ రసం రెండో రోజుకే పులిసిన వాసన వస్తోంది, రోజూ చేసే ఓపిక ఆవిడకి లేదు. నిమ్మరసం వేసి మరిగిస్తే ఫ్రిజ్‌లో ఎన్నాళ్లు ఆగుతుంది? లేక ఎండబెట్టి పొడి కొట్టుకోవడమే నయమా? ఇంకోటి, మాది బోరు నీళ్లు, స్టీలు గిన్నెల మీద తెల్లమరకలు ఉండిపోతున్నాయి, చింతపండు గుజ్జుతో రుద్దితే పోతాయా? వాడి చూసినవాళ్లు కొలతలతో సహా చెప్పండి ప్లీజ్.