స్కైరిమ్: థాల్మోర్ ఫైలు చదివాక కూడా ఉల్ఫ్రిక్ వైపు ఎలా నిలబడతారు?

బురుజు (కర్నూలు):
స్కైరిమ్ వీడియో గేమ్ ఆడే మనలో సగం మందికి పైగా స్టార్మ్‌క్లోక్ పక్షమే, అంటే ఉల్ఫ్రిక్ తిరుగుబాటు పక్షమే అని నాకు తెలుసు. అందుకే సూటిగా అడుగుతున్నా, సూటిగా జవాబు చెప్పండి.

ఆట ఆడని వాళ్ళ కోసం ముందు కథ. ఎల్ఫుల డొమినియన్‌కీ మనుషుల సామ్రాజ్యానికీ నాలుగో యుగం 171 నుంచి 175 దాకా మహాయుద్ధం జరిగింది. సామ్రాజ్యం ప్రాణాలతో బయటపడింది కానీ వైట్-గోల్డ్ ఒప్పందం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. దాంతో స్కైరిమ్ దేశపు నార్డ్‌లు దేవుడిగా కొలిచే టాలోస్ పూజ మీద నిషేధం పడింది. విండ్‌హెల్మ్‌ను ఏలే ఉల్ఫ్రిక్ దాన్ని ఒప్పుకోలేదు. సాలిట్యూడ్ వెళ్ళి హై కింగ్ టోరిగ్‌ను చంపి తిరుగుబాటు లేపాడు.

ఆ డొమినియన్‌ను నడిపే వర్గమే థాల్మోర్. వాళ్ళ రాయబార కార్యాలయంలోకి మనం దొంగతనంగా వెళ్ళినప్పుడు ఉల్ఫ్రిక్ మీద ఒక ఫైలు దొరుకుతుంది. యుద్ధంలో పట్టుబడ్డాడు, థాల్మోర్ అధికారిణి ఎలెన్వెన్ విచారణ చేసింది, సామ్రాజ్యం రాజధాని పడిపోవడానికి తను చెప్పిన సమాచారమే కారణమని అతన్ని నమ్మించారు, తర్వాత తప్పించుకుని పోనిచ్చారు. యుద్ధం ముగిశాక మళ్ళీ అతనితో సంబంధం పెట్టుకున్నారు. తమకు పనికొచ్చే మనిషి అని వాళ్ళే రాసుకున్నారు. ఇంత చదివాక కూడా అతని జెండా పట్టుకుంటే మనం ఎవరి పని చేస్తున్నట్టు?

గండికోట (జమ్మలమడుగు):
అన్నా, ఫైలు సగం చదివి వదిలేస్తే ఎట్లా? అదే కాగితంలో కింద ఏముందో చెప్పు. టాలోస్ పూజ కోసం మార్కార్త్ నగరంలో జరిగిన గొడవ తర్వాత ఉల్ఫ్రిక్ తమ మాట వినడం లేదని రాసుకున్నారు. స్టార్మ్‌క్లోక్‌లు గెలవడం కూడా తమకు మంచిది కాదు, అది జరగకుండా చూసుకోవాలని రాసుకున్నారు. వాళ్ళకు కావలసింది ఉల్ఫ్రిక్ గెలుపు కాదు, ఎవరూ గెలవకుండా యుద్ధం సాగడం. అంటే ఉల్ఫ్రిక్‌ను తొందరగా గెలిపిస్తే థాల్మోర్ లెక్క తప్పుతుంది. నువ్వు చూపించిన సాక్ష్యమే నా పక్కన నిలబడింది.

సామ్రాజ్యం సంగతి తెలియాలంటే దాని కింద ఉండిన హామర్‌ఫెల్ రాజ్యాన్ని చూడు. ఆ ఒప్పందం ప్రకారం దక్షిణ హామర్‌ఫెల్ డొమినియన్‌కు పోవాలి. అక్కడి రెడ్‌గార్డ్‌లు ఒప్పుకోకపోతే చక్రవర్తి టైటస్ మీడ్ ఏం చేసినాడు? వాళ్ళతో తనకు సంబంధం లేదని చేతులు దులుపుకున్నాడు. వాళ్ళు ఒంటరిగా పోరాడి 180లో డొమినియన్‌ను వెనక్కి పంపించినారు. చక్రవర్తి వదిలేసిన వాళ్ళు సాధించింది చక్రవర్తి వల్ల కాలేదు.

1800లో నిజాం తన దగ్గర ఉంచుకున్న ఇంగ్లీషు పటాలాల ఖర్చు కోసం మన నేలను కుంఫిణీకి రాసిచ్చినాడు. మనల్ని ఎవరూ అడగలేదు. సీమలో పుట్టినవాడు హామర్‌ఫెల్ కథ విని కూడా చక్రవర్తి వైపు ఎట్లా నిలబడతాడో నాకు అర్థం కాదు.

ఉగ్గాని బజ్జి (ఆదోని):
అదంతా సరే. ఉల్ఫ్రిక్ చేసినట్టు మంత్రశక్తి ఉన్న అరుపుతో రాజును కింద పడేసి పొడవడం ద్వంద్వ యుద్ధం అవుతుందా? ముందు అది తేల్చండి.

బురుజు (కర్నూలు):
ఇది అసలు పాయింట్. థుమ్ అనే ఆ అరుపు విద్య హై హ్రోత్‌గార్ కొండ మీద ఉండే గ్రేబియర్డ్ సన్యాసుల దగ్గర ఉల్ఫ్రిక్ నేర్చుకున్నది. వాళ్ళు దాన్ని పూజగా నేర్పుతారు, హత్యకు కాదు. టోరిగ్ కుర్రవాడు. ఆ విద్య రాదు. అది రాదని ఉల్ఫ్రిక్‌కు తెలుసు. తెలిసి సవాలు చేశాడు. గెలుపు ముందే ఖాయమైన పోటీని పోటీ అనరు.

ఇంకో మాట. సాలిట్యూడ్ కోటలో ఉండే సిబిల్‌తో మాట్లాడండి. టోరిగ్‌కు ఉల్ఫ్రిక్ అంటే ఎంతో గౌరవం. స్వతంత్రం ప్రకటించమని అడగడానికే వస్తున్నాడని అందరూ అనుకున్నారట, అడిగి ఉంటే టోరిగ్ ఆలోచించేవాడే. ఉల్ఫ్రిక్ ఎందుకు అడగలేదు? స్వతంత్రం వస్తే చాలు అనుకునేవాడైతే ముందు అడుగుతాడు. కిరీటం కావాలనుకునేవాడే కత్తి తీస్తాడు.

గండికోట (జమ్మలమడుగు):
నార్డ్‌ల పాత ఆచారం ప్రకారం రాజును సవాలు చేయవచ్చు. టోరిగ్ ఒప్పుకున్నాడు. బలవంతంగా లాక్కొచ్చి నిలబెట్టలేదు. అరుపు కింద పడేసింది, చంపింది మాత్రం కత్తి అని ఉల్ఫ్రిక్ తన నోటితోనే చెప్తాడు, దాచుకోలేదు. నేర్చుకున్న విద్యను వాడటం తప్పైతే మంచి కత్తి సాము నేర్చుకున్నవాడు కూడా పోటీకి పనికిరాడు.

బురుజు (కర్నూలు):
చనిపోయినవాళ్ళు చేరే సోవన్‌గార్డ్‌లో టోరిగ్ మనకు కనిపిస్తాడు. భయపడకుండా ఎదురు నిలిచానని, తన గౌరవానికి మచ్చ లేదని అంటాడు. ఉల్ఫ్రిక్ ఆ మాట అనగలడా అని అడుగుతాడు. దీనికి జవాబు చెప్పు.

గండికోట (జమ్మలమడుగు):
ఓడిపోయినవాడి సాక్ష్యం అది. పైగా అతను సోవన్‌గార్డ్ చేరినాడంటేనే వీరమరణం పొందినట్టు. దొంగదెబ్బ తిన్నవాడు కాదు, పోరాడి పోయినవాడు. మళ్ళీ నీ సాక్ష్యమే నాకు పనికొచ్చింది.

నాపరాయి (తాడిపత్రి):
విండ్‌హెల్మ్‌లో గ్రే క్వార్టర్ ఒకసారి తిరిగి రండి. డార్క్ ఎల్ఫులను ఉల్ఫ్రిక్ ఒక మురికి వాడలోనే ఉంచినాడు. బల్లి జాతి ఆర్గోనియన్లను ఊరి గోడ లోపలికే రానివ్వడు, రేవు దగ్గరే కూలి చేసుకుని అక్కడే పడుకోవాలి. స్వతంత్రం ఎవరికి?

బురుజు (కర్నూలు):
నాపరాయి అన్నది నిజం. సామ్రాజ్యం గెలిస్తే అక్కడ బ్రన్‌వుల్ఫ్ పాలనకు వస్తాడు. ఆ వాడ వాళ్ళ బాధ పట్టించుకునే మనిషి.

గండికోట (జమ్మలమడుగు):
గ్రే క్వార్టర్ తప్పే. నేను ఏ రోజూ సమర్థించలేదు. కానీ ఆ వంక పెట్టి దేశాన్ని ఆ నిషేధం అమలు చేసే థాల్మోర్ జస్టీషియర్లకు వదిలేస్తారా? టాలోస్ తాయెత్తు మెడలో ఉంటే చాలు, దారిలో పట్టుకుని లాక్కుపోతున్నారు. వైట్‌రన్‌లో థొరాల్డ్ గ్రే-మేన్ సంగతి గుర్తుందా? వాడి తల్లి కొడుకు బతికే ఉన్నాడని ఏడుస్తుంటే ఊరంతా పిచ్చిదన్నారు. చివరికి థాల్మోర్ జైల్లో దొరికినాడు. ఆ సంగతి సామ్రాజ్యం పక్షాన ఉన్న బాటిల్-బార్న్ కుటుంబానికి ముందే తెలుసు, వాళ్ళింట్లో ఉత్తరం దొరుకుతుంది. మీ సామ్రాజ్యం శాంతి అంటే ఇదే.

బురుజు (కర్నూలు):
థొరాల్డ్‌ను తీసుకెళ్ళడానికి కారణం ఎవరు? ఉల్ఫ్రిక్ మార్కార్త్‌లో రచ్చ చేయక ముందు ఆ నిషేధాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో గుట్టుగా టాలోస్‌కు దండం పెట్టుకునేవాళ్ళు. రివర్‌వుడ్ కమ్మరి ఆల్వోర్ ఆ మాటే చెప్తాడు. ఉల్ఫ్రిక్ బహిరంగ పూజ కావాలని పట్టుబట్టాక థాల్మోర్ వచ్చి కూర్చున్నారు. పగ రాజేసి దాని వేడిలో నాయకుడైనవాడు ఉల్ఫ్రిక్.

గండికోటకు ఇది నచ్చదని తెలుసు. జమ్మలమడుగు వైపు వాళ్ళకు మీసం తిప్పినవాడే నాయకుడు. ఎందుకు కొడుతున్నాడో అడగరు.

గండికోట (జమ్మలమడుగు):
బురుజు గారూ, ఊరి పేరు ఎత్తినారు కాబట్టి చెప్తున్నా. మా ఊరు ఇప్పుడు రిజర్వాయర్ నీళ్ళ కింద ఉంది. పెద్ద ప్రయోజనం అన్నారు, కొంచెం ఓర్చుకోండి అన్నారు, అందరూ సంతకాలు పెడుతున్నారు మీరూ పెట్టండి అన్నారు. మా నాయన పెట్టినాడు. నష్టపరిహారం కోసం ఆఫీసు చుట్టూ తిరిగి తిరిగి, రావలసిన దాంట్లో కొంత రాకుండానే పోయినాడు. గుట్టుగా దండం పెట్టుకోండి, ఓర్చుకోండి, రేపు మంచి రోజు వస్తుంది అని సామ్రాజ్యం వాళ్ళు అంటుంటే నాకు ఆ ఆఫీసు మాటలే వినిపిస్తాయి. నాకు మీసాలతో పని లేదు. మనల్ని అడగకుండా మన మీద సంతకం పెట్టేవాడిని నేను ఒప్పుకోను. అంతే.

ఉగ్గాని బజ్జి (ఆదోని):
అన్నలూ, ఊర్ల దాకా పోవద్దు.

బురుజు (కర్నూలు):
మీ నాయన గారి విషయం బాధాకరం. నా సంగతీ వినండి. మా నాన్నకు బట్టల కొట్టు ఉండేది, పల్లెలో. రెండు వర్గాల మధ్య ఏ చిన్న గొడవ జరిగినా ముందు మూతపడేది ఆ కొట్టే. పండక్కి అప్పు తెచ్చి సరుకు దించుకున్నాక షట్టర్ వేసి కూర్చున్న రోజులు నాకు తెలుసు. వాళ్ళిద్దరిలో ఎవరిది న్యాయమో మా నాన్నకు అవసరం లేదు. రోడ్డు మీద బస్సు తిరిగితే చాలు. చివరికి కొట్టు తీసేసి కర్నూలు వచ్చేశాం. సామ్రాజ్యం గొప్పదని నేను ఎప్పుడూ అనలేదు. దారులు తెరిచి ఉంచేది అదొక్కటే అంటున్నా. ఉల్ఫ్రిక్ గౌరవం కోసం వైట్‌రన్ పొలాలు తగలబడక్కర్లేదు.

పెన్నహోబిలం (ఉరవకొండ):
ఇద్దరు అన్నలూ ఇప్పటిదాకా పైనున్నవాళ్ళ మనసులో ఏముందో తవ్వుతున్నారు. నేను రోగ్విర్ గురించి మాట్లాడతాను, ఎవరూ అతని పేరే ఎత్తలేదు.

సాలిట్యూడ్‌లోకి మొదటిసారి అడుగుపెట్టగానే ఒకతన్ని నరకడం చూస్తాం. అతనే రోగ్విర్. టోరిగ్‌ను చంపాక ఉల్ఫ్రిక్ బయటపడటానికి గేటు తీసిన కాపలావాడు. అది హత్య కాదు, న్యాయంగా జరిగిన పోరు అని చివరి క్షణం దాకా అంటాడు. అతని మేనకోడలు స్వారి చిన్నపిల్ల, ఆ గుంపులోనే ఉంటుంది. తర్వాత అతని చెల్లెలు గ్రెటా, అన్న శవం మీదున్న టాలోస్ తాయెత్తు తెచ్చిపెట్టమని మనల్ని అడుగుతుంది. ఉల్ఫ్రిక్ విండ్‌హెల్మ్ చేరి సింహాసనం మీద కూర్చున్నాడు. గేటు తీసినవాడి తల పోయింది.

మా చిన్నాన్న ఒక నాయకుడి కోసం జైలుకు పోయినాడు. ఆయన చేసింది కాదు, ఆయన పేరు రాయించినారు. ఇంటిని చూసుకుంటామని మాట ఇచ్చినారు. మా పిన్ని కూలికి పోయి పిల్లల్ని సాకింది. ఇప్పుడు ఆ నాయకుడి కుటుంబం, అవతలి వర్గం కుటుంబం వియ్యం అందుకున్నాయి. పెళ్ళికి మా చిన్నాన్నకు పిలుపు కూడా రాలేదు. అందుకే నాయకుడి ఉద్దేశం మంచిదా చెడ్డదా అనే లెక్క నాకు పట్టదు. తన వెనక నడిచినవాళ్ళకు ఏం చేసినాడు అని మాత్రమే చూస్తాను.

ఆటలో ఎవరు గెలిస్తే ఎవరు పైకొస్తారో చూడండి. సామ్రాజ్యం గెలిస్తే రిఫ్టెన్ మేవెన్ బ్లాక్-బ్రైయర్ చేతికి పోతుంది, దొంగల ముఠాను పోషించే సారా వ్యాపారి. స్టార్మ్‌క్లోక్‌లు గెలిస్తే మార్కార్త్ సిల్వర్-బ్లడ్ కుటుంబానికి, గనులూ జైలూ ముందే వాళ్ళవి. వైట్‌రన్ కుర్చీ గ్రే-మేన్ ఇంటి పెద్ద విగ్నార్‌కు. ఏ రంగు జెండా ఎగిరినా పెద్ద ఇళ్ళకు నష్టం లేదు.

నాపరాయి (తాడిపత్రి):
అక్కా, రోగ్విర్‌ను రక్షించే దారి కూడా ఆటలో పెట్టలేదు. ఎప్పుడు పోయినా నరికేస్తారు.

గండికోట (జమ్మలమడుగు):
అక్కా, మీ చిన్నాన్న గారి సంగతి చదివి మనసు కలుక్కుమంది. కానీ ఒకటి అడుగుతా. నాయకుడి ఉద్దేశం పట్టదంటే మంచిదే, అప్పుడు ఉల్ఫ్రిక్‌కు కిరీటం మీద ఆశ ఉందా లేదా అన్న బురుజు గారి వాదన కూడా పోతుంది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి కుంఫిణీ ఇచ్చిన తవర్జీ, అంటే భరణం, నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలు. తవర్జీ గొడవ దగ్గరే ఆయన కోపం మొదలైంది. దానివల్ల 1846లో ఆయన వెనక నడిచిన రైతుల కష్టం అబద్ధం అయిపోయిందా? సొంత దెబ్బ తగిలినవాడే ముందు లేస్తాడు. ఉల్ఫ్రిక్‌ను ఎలెన్వెన్ హింసించింది, మార్కార్త్‌లో మాట ఇచ్చి జైల్లో పెట్టినారు. సొంత కోపం ఉంది. ఉంటే తప్పేంటి?

బురుజు (కర్నూలు):
నరసింహారెడ్డి దండెత్తింది కోయిలకుంట్ల ఖజానా మీద, కుంఫిణీ మనుషుల మీద. 1847 ఫిబ్రవరి 22న ఉరికంబం తనే ఎక్కాడు. ఉల్ఫ్రిక్ మొదట చంపింది తన జాతి రాజునే, థాల్మోర్ వాళ్ళలో ఒక్కరిని కాదు. ఈ రెండింటినీ ఒక్కటి చేస్తే నేను ఒప్పుకోను. సామ్రాజ్యం వాళ్ళు తల నరకడానికి తీసుకెళ్ళిన హెల్గెన్‌లో ఉల్ఫ్రిక్ చనిపోయి ఉంటే సామ్రాజ్యం గెలిచే అవకాశం బాగా పెరిగేది, తమకు నష్టం జరిగేది అని థాల్మోర్ ఫైలులోనే ఉంది. అతను బతికి ఉండటం వాళ్ళకు లాభం. ఆ వాక్యానికి మీరు ఇంతవరకు జవాబు చెప్పలేదు.

గండికోట (జమ్మలమడుగు):
చెప్పినాను. బతికి ఉండటం లాభం, గెలవడం నష్టం. రెండూ ఒకే ఫైలులో ఉన్నాయి.

పెన్నహోబిలం (ఉరవకొండ):
నేను యుద్ధం మిషన్లు ఆడకుండా హై హ్రోత్‌గార్‌లో సంధి చేయిస్తాను. దేశం మీద పడిన డ్రాగన్ల పని తేలేదాకా అయినా చావులు ఆగుతాయి. మీరిద్దరూ ఆ బల్ల దగ్గర కూర్చుంటే ఏం చేస్తారు? ఎలెన్వెన్ కూడా వస్తుంది. ఉల్ఫ్రిక్ వద్దంటాడు. ఉండనివ్వాలా, పంపించాలా అన్నది మన చేతిలో ఉంటుంది.

బురుజు (కర్నూలు):
ఉండనిస్తాను. ఆమెను బయటికి పంపితే రేపు సంధి చెల్లదని వంక పెడతారు. ఎదురుగా కూర్చోబెట్టి రాయించుకుంటే ఆ వంక ఉండదు. నచ్చనివాళ్ళతోనే సంధి చేసుకోవాలి.

గండికోట (జమ్మలమడుగు):
రిఫ్టెన్ వదులుకోమన్నా ఆలోచిస్తాను, మార్కార్త్ ఇస్తామంటే మాట్లాడతాను. ఆమె ఆ గదిలో ఉన్నంతసేపు మాత్రం నేను సంతకం పెట్టను.