రిపీటర్ పవర్ తగ్గిస్తే బ్యాటరీ ఎంతసేపు వస్తుంది? చేసి చూసినవాళ్లు చెప్పండి

కొండగుర్తు:
మా వీహెచ్‌ఎఫ్ రేడియో రిపీటర్ (అందిన సిగ్నల్‌ను మళ్లీ దూరానికి పంపే స్టేషన్) 40 వాట్లతో నడుస్తోంది. కరెంటు పోతే 100 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీ మీదకు మారుతుంది. ఎక్కువ గంటలు నిలబడాలని పవర్ 10 వాట్లకు దించుదామనుకుంటున్నాం. దూరంగా ఉన్నవాళ్లకు వినపడదేమోనని కొందరికి టెన్షన్. ఎవరైనా దించి చూశారా?

డమ్మీలోడ్:
దించామండీ. 40 నుంచి 10 అంటే 6 డీబీ (డెసిబెల్స్) తగ్గుదల, ఎస్ మీటర్ (సిగ్నల్ బలం చూపే మీటర్) మీద ఒక్క పాయింటు. ఇప్పటికే గరగరలో వింటున్నవాళ్లకు తేడా తెలుస్తుంది, మిగతావాళ్లకు తెలియదు. ముందు ఇది చూడండి: 5 వాట్ల హ్యాండీ (చేతి రేడియో)తో మాట్లాడేవాళ్లు రిపీటర్‌ను అందుకోగలుగుతున్నారా? చాలాచోట్ల రిపీటర్ అందరికీ వినపడుతుంది, దానికే వాళ్లు వినపడరు. అలాంటప్పుడు 40 వాట్లు పంపి ఏం లాభం? మా దగ్గర పవర్ తగ్గించాక రిసీవర్ మీద సొంత ట్రాన్స్‌మిటర్ ఒత్తిడి తగ్గి, బలహీనమైన సిగ్నళ్లు ఇంకా బాగా అందాయి. డుప్లెక్సర్ (ఒకే యాంటెన్నా మీద పంపే, అందుకునే సిగ్నళ్లను విడదీసే ఫిల్టర్) సరిగ్గా ట్యూన్ అయి ఉంటే ఇంత తేడా రాదు లెండి.

రాత్రినెట్:
పవర్ నాలుగో వంతు అయితే కరెంటు కూడా నాలుగో వంతు అవుతుందని లెక్క వేయకండి. మా సెట్ 40 వాట్ల దగ్గర 9 ఆంపియర్లు తీసుకుంటుంది, 10 వాట్ల దగ్గర నాలుగున్నర. తక్కువ పవర్‌లో ఫైనల్ (చివరి యాంప్లిఫయర్ దశ) సామర్థ్యం పడిపోతుంది. రిసీవ్‌లో 1 ఆంపియర్. గంటలో పావు వంతు సేపు ట్రాన్స్‌మిట్ అయితే సగటు 3 ఆంపియర్లు, దించితే 1.9 దాకా. బ్యాటరీలో సగమే వాడుకుంటే 16 గంటలు వచ్చేది 26 గంటలవుతుంది. మీ సెట్‌కు అమ్మీటర్ పెట్టి కొలిచాకే నిర్ణయించండి.

పాతబ్యాటరీ:
ఆ 100 అనేది 20 గంటల్లో నెమ్మదిగా, అంటే 5 ఆంపియర్లతో ఖాళీ చేస్తే వచ్చే లెక్క. ఎక్కువ లాగితే అంత రాదు, పాతబడితే ఇంకా తగ్గుతుంది. వోల్టేజీ బ్యాటరీ దగ్గర కాదు, ట్రాన్స్‌మిట్ చేస్తూ సెట్ టెర్మినల్స్ దగ్గర చూడండి. వైరులో 0.1 ఓమ్ ఉన్నా 9 ఆంపియర్లకు దాదాపు 1 వోల్టు అక్కడే పోతుంది. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకునే ఉండాలి.

కొండగుర్తు:
మా టెయిల్ (మాట ఆగాక కూడా రిపీటర్ పంపుతూ ఉండే సమయం) 5 సెకన్లు ఉంది. అదీ తగ్గించాలా?

డమ్మీలోడ్:
తప్పకుండా. చిన్న చిన్న మాటల నెట్‌లో (అందరూ వంతులవారీగా మాట్లాడే రేడియో సమావేశంలో) ప్రతి ఓవర్ (ఒకరి వంతు) వెనకా 5 సెకన్లు ఖాళీ క్యారియర్ (మాట లేని సిగ్నల్) వెళుతుంది. బ్యాటరీ మీద 1 సెకను చాలు. పవర్ సెట్ చేసేటప్పుడు డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పెట్టే పరీక్ష రెసిస్టర్), వాట్‌మీటర్ పెట్టుకోండి. డుప్లెక్సర్‌లో 1.5 డీబీ పోతే 10 వాట్లలో బయటికొచ్చేది 7 వాట్లే.

రాత్రినెట్:
వేరే యాంప్లిఫయర్ ఉంటే దాని నాబ్‌ను మరీ కిందకు తిప్పకండి, కొన్ని అస్థిరంగా మారి పక్క ఫ్రీక్వెన్సీల్లో చెత్త పంపుతాయి. కరెంటు పోగానే రిలేతో యాంప్లిఫయర్‌ను పక్కనపెట్టి ఎక్సైటర్‌నే (యాంప్లిఫయర్‌కు సిగ్నల్ ఇచ్చే చిన్న ట్రాన్స్‌మిటర్‌ను) నేరుగా యాంటెన్నాకు పంపడం మేలు, ఆదా కూడా ఎక్కువ. దాంతోపాటు కర్టెసీ టోన్ (ఒకరి మాట ముగియగానే రిపీటర్ ఇచ్చే బీప్) మారేలా కంట్రోలర్‌లో పెట్టాం. టోన్ వినగానే బ్యాటరీ మీద ఉన్నామని తెలిసి అందరూ క్లుప్తంగా మాట్లాడుతున్నారు.

పాతబ్యాటరీ:
తర్వాత లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌కు మారే ఆలోచన ఉంటే, సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు దాన్ని ఛార్జ్ చేయకూడదు. గడ్డకట్టే చలి ఉండే కొండ మీదైతే ఉష్ణోగ్రత చూసి ఛార్జింగ్ ఆపే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) ఉన్నదే తీసుకోండి.