దేవదారుని గుర్తుపట్టడం ఎలా?

భీమిలి_నడక:
మొన్న మేలో అమ్మానాన్నలతో మనాలి వెళ్ళొచ్చాం. భీముడి పేరున్న ఊళ్ళో పుట్టింది కదా, అమ్మకి హిడింబి గుడి చూడాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. 1553లో కట్టిన గుడి, చాలా బాగుంది, కానీ నాకు దాని చుట్టూ ఉన్న దేవదారు చెట్లే కళ్ళలో నిలిచిపోయాయి. ఎంత ఎత్తో! ఆ తర్వాత దారిలో సూదుల్లాంటి ఆకులున్న ప్రతి చెట్టునీ దేవదారే అనుకుంటే, డ్రైవర్ ఒకదాన్ని కైల్ అన్నాడు, ఇంకోదాన్ని రై అన్నాడు. తేడా ఎలా తెలుస్తుంది? మన బీచ్‌లో సరుగుడు కూడా ఇదే జాతా? ఇంకోటి, గుడి దగ్గర నేల మీద చెక్క గులాబీ లాంటిది దొరికితే అమ్మ తెచ్చుకుంది, అదేంటి?

కొండదారి:
ముందు ఆకు చూడండి. చీడ్ పైన్‌కి సూదులు మూడేసి కట్టగా, కైల్‌కి అయిదేసి. దేవదారుకైతే పొట్టి కణుపు మీద ఇరవై ముప్పై గుత్తిగా విచ్చుకుని ఉంటాయి, ముట్టుకుంటే గుచ్చుకుంటాయి. కొత్త కొమ్మ చివర మాత్రం ఒక్కొక్కటిగా వస్తాయి, అక్కడ చూసి పొరపడకండి. రైకి గుత్తులుండవు, సూదిని వేళ్ళ మధ్య దొర్లిస్తే నాలుగు పలకలు తగులుతాయి, కాయలు కిందికి వేలాడతాయి. దేవదారు కాయ కొమ్మ మీద పీపాలా నిటారుగా నిలబడుతుంది. అక్కడే పెరిగే తోష్ (ఫర్) అనే ఇంకో చెట్టుకీ కాయ నిటారే, కానీ దాని ఆకు చదునుగా ఉంటుంది.

అమ్మగారు తెచ్చింది దేవదారు కాయ కొసే. పైన్ కాయలా అది మొత్తంగా రాలదు, చెట్టు మీదే పొరలుగా విడిపోయి విత్తనాలు గాలికి పోతాయి, పై కొస మాత్రం అలా పువ్వులా కింద పడుతుంది. జాగ్రత్తగా దాచుకోమనండి.

సరుగుడుతోట:
సరుగుడు ఆ జాతి కాదండీ, పూలు పూసే చెట్టు. మనం ఆకులనుకునేవి సన్నటి రెమ్మలు. ఒకటి లాగితే కణుపు దగ్గర ఊడొస్తుంది, అక్కడ చుట్టూ రంపం పళ్ళలా ఉండే చిన్న పళ్ళే అసలు ఆకులు. అసలైన పైన్ సూదులు లెక్కపెట్టి చూడాలంటే అరకు దారిలో అనంతగిరి దగ్గర నాటిన పైన్ తోట ఉంది, మనాలి దాకా వెళ్ళక్కర్లేదు.

భీమిలి_నడక:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. అమ్మ ఆ పువ్వుని దేవుడి గదిలో పెట్టేసింది. పొద్దున్నే ఋషికొండ దగ్గర సరుగుడు రెమ్మ లాగి చూశాను, నిజంగానే కణుపు దగ్గర ఊడొచ్చింది. పళ్ళు ఏడు.