పాడుబడ్డ గుడి, శిథిలమైన గుడి: రెండూ ఒకటేనా?

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండులోని డోర్సెట్‌లో నోల్టన్ అనే చోట ఉన్న చిన్న చర్చిని ఈమధ్య చూసొచ్చాను. ఫోటో కింద మొదట "శిథిల చర్చి" అని రాశాను. రాశాక మనసొప్పలేదు.

గోడలు చాలావరకు ఇంకా గట్టిగానే ఉన్నాయి. 12వ శతాబ్దపు కట్టడం. రోమనెస్క్ శైలి, అంటే దారుల మీద అర్ధవృత్తపు వంపులు ఉండే పాత యూరప్ కట్టుబడి. చెకుముకి రాళ్లు సున్నంతో పేర్చి, మధ్యమధ్యలో చెక్కిన రాతి వరసలు వేశారు. చెకుముకి విరిగిన చోట చేత్తో తడిమితే గాజులా నున్నగా తగులుతుంది. లేనివల్లా పైకప్పు, మనుషులు. ఊరు క్రమంగా ఖాళీ అయింది. 18వ శతాబ్దంలో కప్పు కూలాక చర్చిని అలాగే వదిలేశారు.

శిథిలం అంటే రాయి సంగతి, పాడుబడడం అంటే మనుషుల సంగతి. గోడ బీటలు వారకపోయినా దీపం పెట్టే దిక్కు లేకపోతే అది పాడుబడ్డ ఇల్లే. నీళ్లున్నా చేద వేసేవాళ్లు లేకపోతే పాడుబడ్డ బావే. ఇల్లు ఇంటి అయినట్టే, ఈ పాడుకు ఔపవిభక్తిక రూపం (ఇంకో మాట ముందు చేరేటప్పటి రూపం) పాటి. పాటిదిబ్బ (పాడుబడ్డ ఊరి దిబ్బ), పాటిమన్ను (ఆ దిబ్బ మన్ను) అలా వచ్చినవే. మా తాతగారు ఎండాకాలంలో పాటిమన్ను బండ్లతో చేలకు తోలించేవారు. అందులో కుండపెంకులు, బూడిద కనపడేవి. నోల్టన్ పొలాల్లో నిలబడితే నాకు ఆ మన్నే గుర్తొచ్చింది. అందుకే "పాడుబడ్డ గుడి" అని దిద్దాను.

వ్యాఖ్య: చర్చిని గుడి అనొచ్చాండీ?

జవాబు: నిక్షేపంగా అనొచ్చండి. "ఆదివారం గుడికెళ్లొచ్చాం" అని మన క్రైస్తవుల ఇళ్లలో రోజూ వినే మాటే కదా.

వ్యాఖ్య: రోమనెస్క్ శైలిని "అర్ధవృత్త తోరణ శైలి" అంటే ఎలా ఉంటుంది సార్?

జవాబు: రోమనెస్క్ అనే ఉంచుదామండి. ఆ పేరు 19వ శతాబ్దం మొదట్లో పుట్టింది, కట్టినవాళ్లకే తెలియదు. 1066లో ఫ్రాన్స్ వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును గెలిచారు కాబట్టి అక్కడ ఆ శైలిని నార్మన్ అంటారు. తోరణం మాత్రం వద్దు. ఓరుగల్లు కీర్తి తోరణం చూడండి, నిలువు స్తంభాలు, వాటిమీద అడ్డ దూలాలు. నోల్టన్‌లో బలిపీఠం వైపు దారి మీద ఉన్నది కమాను. లోపలివైపు సన్నగా చెక్కిన రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడ్డాయి. కమాను అంటే పారశీకంలో విల్లు. ఇంగ్లీషువాళ్ల ఆర్చి వచ్చింది లాటిన్ ఆర్కస్ నుంచి, దానర్థమూ విల్లే! ఇంత చక్కగా కుదిరిన మాటను ఎందుకు వదులుకోవాలి?

నాకు ఇంకొక్క మాట కావాలి. ఆ చర్చి సుమారు 4,500 ఏళ్ల నాటి గుండ్రటి మట్టికట్ట నడుమ ఉంది. కట్టకు లోపలివైపున కందకం తవ్వారు. మన కోటలకు కందకం బయట ఉంటుంది, అందుకని ఆ మాట వాడితే చదివేవాళ్లు తిరగేసి ఊహించుకుంటారు. ప్రస్తుతానికి "కట్ట, దాని లోపల గాడి" అని రాశాను. మీ వైపు ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి.