గాభరా వస్తుందేమోనని జేబులో మాత్ర పెట్టుకుని తిరగడం తప్పా?

రాయదుర్గం రైలు
అమీర్‌పేట నుంచి రాయదుర్గానికి రోజూ మెట్రోలో వెళ్తాను. నిరుడు జూన్‌లో ఒక ఉదయం యూసఫ్‌గూడ దాటాక రైలు రెండు నిమిషాలు ఆగింది. అంతే. గుండె దడదడలాడింది, అరచేతులు తిమ్మిరెక్కాయి, చుట్టూ ఉన్న మనుషులు అద్దం అవతల ఉన్నట్టు కనిపించారు. ఇంకొక్క క్షణంలో పోతానని రూఢిగా అనిపించింది. తర్వాతి స్టేషన్‌లో దిగి ప్లాట్‌ఫాం మీదే కూలబడ్డాను. ఆసుపత్రిలో ఈసీజీ, రక్తపరీక్షలు, థైరాయిడ్ అన్నీ చూశారు. అన్నీ బాగానే ఉన్నాయి. తర్వాత కలిసిన సైకియాట్రిస్టు అది పానిక్ అటాక్ అని చెప్పి, రోజూ వేసుకునే మందు ఒకటి రాసి, దాంతోపాటు అల్ప్రజోలం 0.25 మిల్లీగ్రాముల మాత్రలు పది ఇచ్చారు. మరీ తట్టుకోలేకపోతేనే వేసుకోమన్నారు.

పదిలో నాలుగు వాడాను. చివరిది సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో. మిగిలిన ఆరూ చొక్కా జేబులో ఉంటాయి. చొక్కా మారిస్తే ముందు మాత్రలు మారతాయి, ఆ తర్వాతే పర్సు. ఒకసారి మాదాపూర్ దాకా వెళ్లాక తడుముకుంటే జేబులో లేవు. దిగి, ఆటోలో ఇంటికి వెళ్లి తెచ్చుకున్నాను. ఆఫీసుకు గంటన్నర ఆలస్యం.

మా అక్క "అది మందు కాదురా, తాయెత్తు. తీసి అవతల పారేయి" అంటోంది. అది ఉండబట్టే రైలెక్కగలుగుతున్నానని నేనంటాను. మీరేమంటారు? మొహమాటం లేకుండా చెప్పండి.

కృష్ణలంక వాసి
మీ అక్కగారి మాటే నా మాట. నేను మూడేళ్లు పర్సులో మోశాను. ఒకరోజు మా అబ్బాయి చిల్లర కోసం పర్సు తెరిచి, "నాన్నా, ఇదేమిటి?" అని రేకు చూపించాడు. లోపల మాత్ర లేదు, పొడి ఉంది. గడువు తీరి ఏడాది దాటింది. ఆ పొడిని నమ్ముకునే తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కాను, రెండు పెళ్లిళ్లలో భోజనాల పంక్తిలో మధ్యన కూర్చున్నాను.

ఇంకో సంగతి. గాభరా సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దిగడం మొదలుపెడుతుంది. అల్ప్రజోలం కడుపులోకి వెళ్లి, రక్తంలో పూర్తిస్థాయికి రావడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. మీరు మాత్ర మింగి పదిహేను నిమిషాల్లో "హమ్మయ్య" అన్నారంటే, ఆ హమ్మయ్య చాలావరకు మాత్రది కాదు. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి ఎలా తెల్లవారుతుందన్న ముసలమ్మ లెక్క అది.

ఎల్బీనగర్ మలుపు
కృష్ణలంక గారూ, మీ కథ మీకే ఎదురు తిరుగుతోంది. పొడి అయినా మిమ్మల్ని కొండ ఎక్కించింది కదా! అది లేకపోతే ఆ మూడేళ్లు ఇంట్లోనే కూర్చునేవారేమో. కాలు విరిగినవాడు కర్ర పట్టుకుంటే ఎవరూ వేళాకోళం చేయరు. ఆస్తమా ఉన్నవారు ఇన్‌హేలర్ లేకుండా గడప దాటరు, వాళ్లను తాయెత్తు కట్టుకున్నారని అనం. మనసు జబ్బు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరికీ పౌరుషం గుర్తొస్తుంది.

పద్నాలుగు నెలల్లో నాలుగు మాత్రలు వాడిన మనిషిని పట్టుకుని బానిస అన్నట్టు మాట్లాడటం అన్యాయం.

కృష్ణలంక వాసి
నేను బానిస అనలేదు. వాడిన నాలుగు మాత్రల మీద నాకు పేచీ లేదు, వాడని ఆరు మాత్రల మీదే. ఆటోలో వెనక్కి పరిగెత్తించినవి ఆ ఆరే.

ఇన్‌హేలర్ పోలిక కుదరదు. ఆస్తమాలో ఊపిరిగొట్టాలు నిజంగా ముడుచుకుంటాయి, ఇన్‌హేలర్ నిమిషాల్లో వాటిని తెరుస్తుంది. గాభరాలో ముంచుకొచ్చే ప్రమాదమేదీ లేదు, ఉన్నట్టు అనిపించడమే జబ్బు. ఆ అనుకోవడానికి జేబులో మాత్ర రోజూ సాక్ష్యం చెబుతోంది.

మందులకొట్టు, నిజామాబాద్
ఇరవై రెండేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాను, కాబట్టి ఈ మాత్ర పేరు వింటే నాకు వేరే ముఖాలు గుర్తొస్తాయి. అల్ప్రజోలం షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం డాక్టర్ చీటీ లేకుండా ఇవ్వకూడదు. డాక్టర్ పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామన్నది విడిగా రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. అయినా రోజుకు ఇద్దరు ముగ్గురు వచ్చి "టెన్షన్ మాత్ర ఒక షీటు ఇవ్వండి" అంటారు. లేదంటే అలిగి ఎదురు కొట్టుకు వెళ్తారు.

మా వైపు కల్తీ కల్లులో కలిపేది కూడా ఇదే సరుకు. కల్లు దొరకని రోజున మనిషి ఎలా వణుకుతాడో, ఏమేమి మాట్లాడతాడో మాకు తెలుసు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేస్తే ఎర్రగడ్డ ఆసుపత్రికి జనం ఎలా క్యూ కట్టారో అందరూ చూశారు. రోజూ వాడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే రోజూ వేసుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదివి ఆవేశంగా డబ్బాలో పారేయకండి. డాక్టర్ చెప్పిన లెక్కన కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ప్రశ్న అడిగిన బాబు సంగతి అది కాదని తెలుసు. పద్నాలుగు నెలల్లో నాలుగంటే నా రిజిస్టర్‌లో చాలా బుద్ధిమంతుడు.

తెనాలి టీచరమ్మ
నాయనా, నాకు అరవై ఎనిమిది. మా రోజుల్లో దీనికి పేరే లేదు. 1988లో బడిలో ప్రార్థన జరుగుతుంటే మొదటిసారి వచ్చింది. మా అత్తగారు గాలి సోకిందన్నారు, ఆర్‌ఎంపీ నరాల బలహీనత అని వరసగా పన్నెండు సూదులు పొడిచాడు. ఆ తర్వాత ఆరేళ్లు బస్సెక్కలేదు.

మా అమ్మాయి గుంటూరులో ప్రసవించిందని కబురొస్తే ఎక్కక తప్పలేదు. అంగలకుదురు దగ్గర మొదలైంది. దిగిపోదామంటే బస్సు కిక్కిరిసి ఉంది, తలుపు దాకా వెళ్లే దారి లేదు. ఏమీ చేయలేక కూర్చున్నాను. చస్తే చస్తాను, మనవరాలిని చూడకుండా పోతానన్న బాధ తప్ప ఇంకేమీ మిగల్లేదు. నారాకోడూరు వచ్చేసరికి అది తనంతట తానే దిగిపోయింది. మాత్ర లేదు, మంచినీళ్లు కూడా లేవు. వారం రోజులు ఉండి, తిరుగు ప్రయాణంలో కావాలనే మధ్య సీటులో కూర్చున్నాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. నాలుగైదు ప్రయాణాల తర్వాత రావడం మానేసింది.

కాబట్టి మీ అక్క చెప్పినట్టు పారేయి. మందులతో పెంచిన ధైర్యం మందులున్నంత వరకే.

ఎల్బీనగర్ మలుపు
టీచరుగారూ, నమస్కారం. ఆరేళ్లు బస్సెక్కలేదన్న వాక్యం కూడా మీ పోస్టులోనే ఉంది. ఆ ఆరేళ్లలో ఎన్ని పెళ్లిళ్లు, ఎన్ని చావులు తప్పిపోయాయో మీరు రాయలేదు. ఆ రోజు ఎవరైనా పది మాత్రలు చేతిలో పెట్టి ఉంటే 1988లోనే గుంటూరు వెళ్లేవారేమో. మీకు బస్సు కిక్కిరిసి ఉండటం కలిసొచ్చింది, అందరికీ కలిసిరాదు. మా తమ్ముడిని ఇలాగే "ధైర్యంగా ఉండు" అంటూ మందులు మాన్పించారు. ఉద్యోగం మానేసి ఎనిమిది నెలలు గదిలో ఉన్నాడు.

తెనాలి టీచరమ్మ
మా నాన్నగారి పదకొండో రోజుకు వెళ్లలేదు. ఏలూరులో జరిగింది. నువ్వడిగావు కాబట్టి చెబుతున్నాను.

రోజూ వేసుకునే మందు మానమని నేననలేదు నాయనా. ఆ చివరి వాక్యం కొంచెం దురుసుగా రాశాను, ఒప్పుకుంటాను.

రాత్రి డ్యూటీ సిస్టర్
ఒక్క మాట చెప్పి వెళ్తాను, డ్యూటీకి వేళైంది. దయచేసి మొదటిసారే "ఇది గాభరాలే" అని ఎవరికి వారు తేల్చుకోవద్దు. ఛాతీనొప్పి, చెమటలు, ఆయాసం గుండెపోటులోనూ ఉంటాయి. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో గుండెపోటు గ్యాసులా, నీరసంలా కూడా కనిపిస్తుంది. ముందు ఆసుపత్రికి వెళ్లి గుండె సంగతి తేల్చుకున్నాకే ఈ చర్చ. కాగితం సంచిలోకి ఊపిరి వదిలే చిట్కా కూడా వద్దు, గుండె జబ్బో ఊపిరితిత్తుల జబ్బో ఉంటే అది ప్రమాదం. తిమ్మిర్లెందుకంటారా, గబగబా పీల్చి వదిలేటప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. నెమ్మదిగా, పొడవుగా వదలండి, చాలు.

వేపచెట్టు నీడ
నేను క్లినికల్ సైకాలజీ చదువుతున్నాను. ఇక్కడ అందరూ మాత్ర మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటున్నారు. అసలు పని మాత్ర కాదు, జేబు చేస్తోంది. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1986లో చెప్పిన నమూనా ఇదే. గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, మనసు దాన్ని "చనిపోతున్నాను" అని చదువుతుంది, ఆ భయానికి గుండె ఇంకా వేగం పెంచుతుంది. ఈ చక్రం తెగాలంటే, ఏమీ చేయకపోయినా చావలేదన్న సంగతి శరీరానికి అనుభవంలోకి రావాలి. మాత్ర, నీళ్ల సీసా, తలుపు పక్క సీటు, ఫోనులో అక్క నంబరు, ఇవన్నీ ఆ అనుభవాన్ని దొంగిలిస్తాయి. "మాత్ర ఉంది కాబట్టి బతికాను" అని మనసు జమాఖర్చు రాసేసుకుంటుంది.

అందుకే చికిత్సలో కావాలనే దడ తెప్పిస్తాం. మెట్లు గబగబా ఎక్కిస్తాం, సన్నటి స్ట్రాలోంచి ఊపిరి పీల్పిస్తాం, కుర్చీలో గిర్రున తిప్పుతాం. టీచరమ్మగారికి నారాకోడూరు బస్సు చేసిన పని అదే. పానిక్ జబ్బుకు ఈ రకం మాత్రలు రాయవద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2011లోనే చెప్పాయి.

ఎల్బీనగర్ మలుపు
బ్రిటన్ మాట బ్రిటన్‌కు. లక్ష జనాభాకు ఒక సైకియాట్రిస్టు కూడా లేని దేశం మనది, ఇక మీరు చెప్పే కుర్చీలు తిప్పేవాళ్లు ఎంతమంది? మా తమ్ముడికి అలాంటి చికిత్స గంటకు పదిహేను వందలు. పన్నెండు వారాలు. ఆ లెక్కన పది మాత్రల షీటు పేదవాడి సైకాలజిస్టు.

వేపచెట్టు నీడ
డబ్బు మాట నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులో ఉచితంగా మాట్లాడతారు. 2022 నుంచి ఉంది. పూర్తి చికిత్సకు అది సాటి కాదుగానీ, ఎవరిని కలవాలో చెబుతారు.

మీ "పేదవాడి సైకాలజిస్టు" మాత్రం ఒప్పుకోను. సైకాలజిస్టు ఏదో ఒక రోజు "ఇక రానక్కర్లేదు" అంటాడు. షీటు ఆ మాట ఎప్పటికీ అనదు.

అయితే పారేయమని నేనూ అనను. ఒక్కసారిగా పారేస్తే మరుసటి రోజు రైలే ఎక్కరు, అప్పుడు నేర్చుకునేదేమీ ఉండదు. రోజూ వేసుకునే మందు అలాగే ఉంచి, డాక్టర్‌కు చెప్పి, మాత్రలను మెల్లగా దూరం జరపండి. జేబులోంచి బ్యాగులోకి, తర్వాత ఆఫీసు సొరుగులోకి, ఆ తర్వాత ఇంట్లో అలమరాలోకి.

రాయదుర్గం రైలు
నాలుగు రోజులుగా అందరివీ చదువుతూనే ఉన్నాను. డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పాను, మంచిదే, చేసి చూడమన్నారు. సోమవారం మాత్రలను బ్యాగులో వేసి రైలెక్కాను. యూసఫ్‌గూడ దగ్గర చేయి జేబు మీదకు దానంతట అదే వెళ్లింది, ఖాళీ. దడ వచ్చింది. అరచేతుల్లో తిమ్మిరి కూడా. పెద్దమ్మ గుడి దాకా స్టేషన్లు లెక్కపెట్టాను. అలా లెక్కపెట్టడం కూడా తాయెత్తేనా అన్న అనుమానం మధ్యలో వచ్చింది, దానికి నవ్వొచ్చింది. దిగలేదు. మాత్ర వేసుకోలేదు.

మంగళవారం కొంచెం తక్కువ. బుధవారం సోమవారం కంటే ఎక్కువ. ఇది ఇలా ఎగుడుదిగుడుగా ఉంటుందా?

వేపచెట్టు నీడ
ఉంటుంది. బుధవారం కూడా దిగలేదు కదా?

రాయదుర్గం రైలు
దిగలేదు.

కృష్ణలంక వాసి
ఒక్క ప్రశ్న. మాత్రలు బ్యాగులో లోపలి అరలో పెట్టారా, చేతికి అందే బయటి అరలోనా?

రాయదుర్గం రైలు
బయటి అరలోనే అండీ. జిప్పు కూడా సగం తీసే ఉంది.