మనిషి ఏమయ్యాడో తెలియనప్పుడు గడువు ఏ రోజు నుంచి లెక్కించాలి?

వంశధార ఒడ్డు:
మాది శ్రీకాకుళం జిల్లా గార మండలం. మా తాతయ్య 1939లో కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్లారు. రంగూన్‌ను మా వైపు పెద్దలు అలాగే అనేవారు. మా నాన్నకు అప్పటికి ఏడాది వయసు. 1942 యుద్ధంలో సైనికులు తాతయ్యనూ మరికొందరు కూలీలనూ లారీ ఎక్కించుకు వెళ్లడం చూశానని, అడవుల వెంట నడిచి ప్రాణాలతో తిరిగొచ్చిన మా ఊరి పెద్దాయన చెప్పాడు. ఆ తర్వాత కబురు లేదు.

1958లో ఎనభై సెంట్ల పొలం నాన్న పేరుకు మార్చవలసి వచ్చింది. ఏడేళ్లు జాడ లేని మనిషిని చట్టం చనిపోయినట్టు భావిస్తుందని, అలా కోర్టులో చెప్పించుకోమని కరణం సలహా ఇచ్చాడు. కాగితం రాయించారు. నాయనమ్మ వేలిముద్ర వేయలేదు. "పోయాడని నా చేత్తో నేను రాసివ్వను" అంది. 1988లో కన్నుమూసేదాకా బొట్టు తీయలేదు.

మా అమ్మాయి విజయనగరంలో లా చదువుతోంది. ఏడాది దాటిన ఘటనను జాతీయ మానవ హక్కుల కమిషన్ విచారించకూడదని పాఠంలో చెప్పారట. తాతయ్య సంగతి ఇక ఎవరినీ అడగలేమని నాకు తెలుసు. కానీ యుద్ధంలో మనుషులను మాయం చేసిన చోట గడువు ఎప్పుడు మొదలవుతుంది? పట్టుకుపోయిన రోజా, ఇంట్లోవాళ్లు ఆశ వదులుకున్న రోజా?

గంటస్తంభం:
అమ్మాయి చెప్పింది నిజమేనండీ. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టం 36వ సెక్షన్ అది. పట్టుకుపోయిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే హెబియస్ కార్పస్ పిటిషన్‌కు మాత్రం అలాంటి గడువు లేదు. 1982లో మణిపూర్‌లో సైన్యం తీసుకువెళ్లిన ఇద్దరు తిరిగి రాలేదు. అలాంటి పిటిషన్ మీదే 1984లో సుప్రీంకోర్టు వారి భార్యలకు చెరో లక్ష రూపాయలు ఇప్పించింది.

మీ ప్రశ్నకు సూటిగా జవాబు వచ్చింది సైప్రస్ కేసులో. 1974లో టర్కీ సైనిక చర్య సమయంలో తొమ్మిది మంది కనిపించకుండా పోయారు. టర్కీ మీద వ్యక్తులు యూరప్ మానవ హక్కుల వ్యవస్థకు ఫిర్యాదు చేసే వీలు 1987లో గానీ రాలేదు. కుటుంబాలు 1990 జనవరిలో అక్కడికి వెళ్లాయి. ఫిర్యాదుకు ఉన్న ఆరు నెలల గడువు ఎప్పుడో దాటిందని టర్కీ వాదించింది. యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం విస్తృత ధర్మాసనం 2009 సెప్టెంబరు 18న ఆ వాదనను తోసిపుచ్చింది. మరణం ఒక రోజున జరిగి ముగుస్తుంది. మనిషి ఏమయ్యాడో చెప్పకపోవడం ముగియదు, వెతికించే బాధ్యత ప్రభుత్వం మీద ఉంటూనే ఉంటుంది. తీర్పు సారం ఇదే.

అయితే కుటుంబం కూడా చేతులు కట్టుకు కూర్చోకూడదంది. దర్యాప్తు సాగడం లేదని అర్థమయ్యాక ఆలస్యం చేయరాదు. పదేళ్లు దాటితే, ఏ కదలిక చూసి ఆగారో గట్టిగా చూపించాలి.

బొబ్బిలి టీచర్:
ఆ పదేళ్ల మాట నాకు మింగుడుపడదు. తీసుకువెళ్లినవాళ్ల దగ్గర రికార్డులుంటాయి, ఇంటివాళ్ల దగ్గర ఒక ఫొటో ఉంటుంది. శ్రద్ధ చూపలేదని అడగవలసింది ఎవరిని? సైప్రస్‌లో రెండు వర్గాలవారూ కలిపి 2002 మంది ఆచూకీ లేనివారి జాబితాకెక్కారు. ఆ తొమ్మిది మందిలో ఒకరి ఎముకలు దొరికింది 2007లో, ముప్పై మూడేళ్లకు!

బలవంతపు అదృశ్యాలపై ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఈ విషయంలో నయం. నేరస్థుల మీద కేసుకు గడువు పెడితే అది సుదీర్ఘంగా ఉండాలి, నేరం ముగిసిన రోజు నుంచే మొదలవ్వాలి అంటుంది. మన దేశం 2007లో సంతకం చేసింది, ఇంకా ధ్రువీకరించలేదు.

గంటస్తంభం:
మీ కోపం న్యాయమైనదే టీచర్‌గారూ. కానీ సాక్షులు కూడా ముసలివాళ్లవుతారు. లారీని చూసిన ఆ పెద్దాయన మాటను ఆనాడే ఎవరైనా రాసి పెట్టుకుని ఉంటే బాగుండేది. త్వరగా వెళ్లమని నేను చెప్పేది అందుకే.

వంశధార ఒడ్డు:
త్వరగా వెళ్లడానికి నాయనమ్మకు ఎక్కడికి వెళ్లాలో తెలియదండీ. ఎవరైనా రంగం నుంచి వచ్చారంటే చాలు, పక్క ఊళ్లకు నడిచి వెళ్లి అడిగేది. దాన్ని ఏ న్యాయస్థానమైనా శ్రద్ధగానే లెక్కించాలని నా మనసు చెబుతోంది. వేలిముద్ర లేని ఆ కాగితం మా ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఉంది. అమ్మాయి ఆ తీర్పు చదువుతానంటోంది, పేరు చెప్పగలరా?

గంటస్తంభం:
వర్నావా, ఇతరులు వర్సెస్ టర్కీ. చాలా పొడవు, గడువు గురించిన భాగం ముందు చదవమనండి.