ఉప్పుడు బియ్యం మిల్లు నీళ్లు జమ్ము మడి దాటితే వరికి పనికొస్తాయా?

కోవూరు_కాలవ: రోజుకు 40 టన్నుల వడ్లు నానబెట్టే మిల్లు. టన్నుకు వెయ్యి లీటర్ల లెక్కన 40 వేల లీటర్లు బయటికి పోతాయి. బీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి బ్యాక్టీరియాకు పట్టే ఆక్సిజన్) లీటరుకు 1200 మిల్లీగ్రాములు. కంకర మడిలో జమ్ము నాటి, వచ్చిన నీళ్లు ఎడగారు (ఎండాకాలపు) వరికి కట్టుకోవచ్చంటున్నారు. నమ్మొచ్చా?

మురుగు_లెక్క: నమ్మొచ్చు, నేరుగా కంకర మడిలోకి వదలకపోతే. మీ లెక్కన రోజుకు 48 కిలోల బీఓడీ. చదరపు మీటరుకు రోజుకు 8 గ్రాములు మించనివ్వకూడదు కాబట్టి 6000 చదరపు మీటర్లు, అంటే ఎకరంన్నర కావాలి. ముందు గాలి తగలని అరల ట్యాంకు కట్టి నాలుగింట మూడొంతులు తగ్గిస్తే 1500 చాలు, 37 సెంట్లు. నానిన నీళ్లు పులిసి పీహెచ్ 5కి దిగుతుంది. ట్యాంకుకు ముందే సున్నంతో 7 దగ్గరికి తేకపోతే అందులో మురుగును తినే మీథేన్ బ్యాక్టీరియా పనిచేయదు.

మడి లోతు 60 సెంటీమీటర్లు, నీళ్లు పైనుంచి 10 కిందే ఉండాలి. అడుగున హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) షీటు, నీళ్లు ఇంకకుండా. నీళ్లు వచ్చే వైపు మీటరు మేర 40–80 ఎంఎం రాయి, తర్వాత 10–20 ఎంఎం కంకర. ఇలాగైతే నీళ్లు ఏడు రోజులు నిలుస్తాయి.

పొదలకూరు_రాయి: కంకర పూడుకుపోతే? రెండేళ్లకే నీళ్లు పైన పారే మడులు ఉన్నాయిగా.

మురుగు_లెక్క: క్వారీ పొడి కడగకుండా పోస్తే, ఊక, తవుడు జల్లెడలో ఆపకపోతే పూడుతుంది. మొదటి రెండు మూడు మీటర్లే ముందు మూసుకుంటాయి. అందుకే ఒకే పెద్ద మడి వద్దు. మూడు కట్టి వంతులవారీగా ఒకదాన్ని ఆరబెట్టండి.

ఉప్పునేల: మీరిద్దరూ బీఓడీ దగ్గరే ఆగారు. సేద్యపు నేలకు వదిలే నీటికి కేంద్ర నిబంధనల్లో బీఓడీ హద్దు లీటరుకు 100 మిల్లీగ్రాములు, అది దాటకపోవచ్చు. ఉప్పు సంగతేంటి? జమ్ము ఉప్పును తీయదు, చిక్కబెడుతుంది. ఎండాకాలం రోజుకు 7 మిల్లీమీటర్లు ఆవిరైతే 1500 చదరపు మీటర్లలో పదిన్నర వేల లీటర్లు గాల్లోకి. మిగిలేది 29,500. బోరు నీళ్ల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, మీటరుకు డెసీసైమన్లలో) 1.5 అయితే బయటికొచ్చేది 2. వడ్ల పొట్టు నుంచి దిగే పొటాషియం దానికి అదనం. వరికి 2 దాటితే దిగుబడి జారుతుంది, నారుమడికీ పూత దశకూ మరీ చేటు.

పైగా ఎకరం వరికి ఎండల్లో రోజుకు 40 వేల లీటర్లు పడుతుంది. మీ నీళ్లకు ముక్కాలు ఎకరమే తడుస్తుంది. ఆ పాటి దానికి వరి ఎందుకు?

కోవూరు_కాలవ: కాలవ నీళ్లు సగం కలిపితే?

ఉప్పునేల: కాలవ వదిలినన్నాళ్లు కలపండి, బాగుంటుంది. ఎడగారుకు కాలవ ప్రతి ఏడూ నమ్ముకోలేం కదా. పశుగ్రాసం వేయండి. నేపియర్‌కు నీటి ఖర్చు తక్కువ, పారాగడ్డి ఉప్పుకూ కాస్త ఓర్చుకుంటుంది. చౌడు ఉంటే ఏటా వానల్లో ఒకసారి నేలను బాగా కడగాలి, మురుగు కాలవ తీసి ఉంటేనే ఆ కడుగు దిగేది.

మురుగు_లెక్క: ఉప్పు మాట ఒప్పుకుంటా. ఒకటి మాత్రం మరవద్దు: బాయిలర్ బ్లోడౌన్ నీళ్లు (బాయిలర్‌లో ఉప్పు పేరుకోకుండా అప్పుడప్పుడు బయటికి వదిలేవి) ఈ లైన్లో కలపకండి. నానబెట్టిన నీళ్ల కంటే అందులోనే ఉప్పు ఎక్కువ.